బెల్లం టీకి మేకప్ అక్కర్లేదు!

ఇంటర్వెల్ గంట మోగింది. లైట్లు వెలిగాయి. ఇక చూడండి తమాషా! తెర మీద హీరో ఎంత కష్టంలో వున్నా సరే, సగం హాలు ఒక్క వుదుటున లేచి టీ స్టాలు వైపు పరుగెడుతుంది. సినిమా బాగుంటే ఆ సంతోషంలో ఒక టీ. బాగోలేకపోతే ఆ బాధలో రెండు టీలు! మన పాఠకుల్లో ఈ పరుగు పందెంలో పాల్గొనని వారెవరైనా వున్నారా? వుంటే చేతులెత్తండి. లేరు కదూ!

అయితే ఈ వారం కబుర్లు తెర మీద బొమ్మ గురించి కాదు. ఆ గ్లాసులో టీ గురించి. అది కూడా హాలు దగ్గర దొరికే పంచదార టీ కాదు. అల్లం, ఏలకులు, మిరియాలు దంచి వేసి, బెల్లంతో ఇంట్లో కాచుకునే మసాలా టీ గురించి. దాని ముచ్చట చెప్పుకోవాలంటే అనకాపల్లిని మించిన చోటు మరొకటి లేదు.

అనకాపల్లి అనగానే సినీ ప్రియులకి సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు గుర్తుకొస్తారు. ఆయన పెరిగింది ఈ వూళ్లోనే. టెలిఫోన్ల శాఖలో వుద్యోగం చేస్తూ, ‘భరణి’ అనే కలం పేరుతో కవితలు రాసుకుంటున్న ఆయనకి, 1986లో కె. విశ్వనాథ్‌గారి ‘సిరివెన్నెల’ చిత్రం ఇంటిపేరునే కొత్తగా ఇచ్చేసింది. 2021 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. పాట మాత్రం మనతోనే వుంది.

సినిమా పాట సంగతి పక్కన పెడితే, ఈ వూరి అసలు పేరు ప్రతిష్ఠలు బెల్లానివి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. ఇక్కడి సరుకు ఒడిశా, బెంగాలు దాకా వెళ్తుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాకి కూడా ఈ వూరి పేరే పెట్టారు. అటువంటి వూరికి వెళ్లి పంచదార టీ తాగి రావడమంటే, విశాఖ వెళ్లి సముద్రం చూడకుండా వచ్చినట్టే!

నా మొదటి ప్రయోగం – అట్టర్ ఫ్లాప్!

ఈ రహస్యం నాకు తెలియక ముందు ఒక చిన్న ప్రమాదం జరిగింది. అనకాపల్లి నుంచి రెండు కిలోల బెల్లం తెచ్చుకున్నాను. ఇంటికి మిత్రులొచ్చారు. ‘ఇవాళ మీకు స్పెషల్ టీ’ అని బడాయిగా ప్రకటించి, పాలల్లో టీ పొడి, అల్లం, బెల్లం అన్నీ ఒకేసారి పడేసి పొయ్యి మీద పెట్టాను. అయిదు నిమిషాల్లో గిన్నెలో టీ లేదు. పైన పసుపుపచ్చ నీళ్లు, అడుగున తెల్లటి ముక్కలు! మిత్రుల్లో ఒకడు తొంగి చూసి, “ఇది టీనా, పన్నీరు కూరా?” అన్నాడు. ఆ రోజు అందరికీ బజార్లో టీ నేనే తాగించాల్సి వచ్చింది.

తర్వాత అనకాపల్లి వెళ్లినప్పుడు మిత్రుడొకడి ఇంట్లో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. వాళ్లమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“బెల్లం పొయ్యి మీద ఎవులైనా ఎత్తారా బాబూ? యిరిగిపోవా మరి!”

“మరి ఎప్పుడు వెయ్యాలమ్మా?”

“దించీసినాక ఎయ్యాల. ఎసీసినాక మళ్లీ పొయ్యెక్కించకూడదు. అదే దాని కిటుకు. అల్లమైతే ముందు నీళ్లల్లో బాగా మరిగిపోవాల. అప్పుడు పాలు పోసుకోవాల. తెలిసినాదా?”

తెలిసింది. ఆవిడ అయిదు నిమిషాల్లో టీ కాచి చేతిలో పెట్టారు. రంగు చూస్తే ముదురు తేనె రంగు. గుక్క వేస్తే ముందు అల్లం ఘాటు, వెనకాలే ఏలకుల వాసన, చివర్లో గొంతు దిగాక మెల్లగా తెలిసే చెరకు తీపి. పంచదార తీపి నాలుక మీదే ఆగిపోతుంది. బెల్లం తీపికి వాసన కూడా వుంటుంది. అదీ తేడా!

విలన్లు ఇద్దరు!

ఆ అమ్మగారి మాటలో సైన్సు ఎంతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. పాలు విరగడానికి ఒకరు కాదు, ఇద్దరు విలన్లు వున్నారు.

మొదటి విలన్ బెల్లమే. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు వుంటుంది. అది సన్నటి రేణువులుగా పాలంతా తేలుతూ వుంటుంది. పులుపు తగిలితే ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డలవుతాయి. బెల్లంలో సహజంగానే కొద్దిగా పులుపు గుణం, ఖనిజ లవణాలు వుంటాయి. పాతబడినా, చెమ్మ తగిలినా బెల్లం లోలోపల పులుస్తుంది కాబట్టి ఆ గుణం ఇంకా పెరుగుతుంది. ఇక్కడొక మెలిక వుంది. చల్లటి పాలు తట్టుకోగలిగినంత పులుపును మరుగుతున్న పాలు తట్టుకోలేవు. అందుకే మంట మీద విరిగే పాలు, దించి నిమిషం ఆగి బెల్లం వేస్తే విరక్కుండా తప్పించుకుంటాయి.

రెండో విలన్ని మాత్రం మీరు కలలో కూడా అనుమానించరు. ఎవరనుకున్నారు? అల్లం! పచ్చి అల్లంలో జింజిబెయిన్ అనే ఎంజైము వుంటుంది. అది పాలను గడ్డకట్టిస్తుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం వాళ్లు ఈ గుణాన్నే తీపి వంటకానికి వాడుకుంటారు. గిన్నెలో అల్లం రసం పోసి, దాని మీద వేడి పాలు పోస్తారు. కాసేపట్లో అది జున్నులా పేరుకుంటుంది. వాళ్లకి వంటకం అయింది మన టీకి గండం! అయితే ఈ ఎంజైముకి వేడంటే చచ్చేంత భయం. నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు తెర్లితే దాని పని సరి. ఇక పాలు నిశ్చింతగా పోసుకోవచ్చు. ఘాటు ఘాటుగానే వుంటుంది.

అంటే నేను చేసిన తప్పు ఒకటి కాదు. ఇద్దరు విలన్లనీ ఒకే సీన్లో, అదీ మంట మీద, పాల మీదికి తోలాను. ఇంక క్లైమాక్స్ వేరే ఎలా వుంటుంది చెప్పండి!

ఎక్స్‌ట్రా ఆర్టిస్టు హీరో అయిన కథ

అసలు టీలో మసాలా ఎప్పట్నించి వచ్చిందో తెలుసా? అనాదిగా మన తాతముత్తాతలు తాగారనుకుంటే పొరపాటు. అస్సాంలో తేయాకు తోటల వ్యాపారం 1830ల తర్వాత మొదలైంది. చాలాకాలం ఆ సరుకంతా ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లిపోయేది. మనవాళ్ల చేత కూడా టీ తాగించాలన్న ఆలోచన తోటల యజమానులకి తర్వాత పుట్టింది. లార్డ్ కర్జన్ వైస్రాయిగా వున్న 1903లో తేయాకు మీద సుంకం వేసి, ఆ సొమ్ముతో ప్రచారం మొదలుపెట్టారు. రైల్వే స్టేషన్లలో, బజార్లలో టీ కాచే పద్ధతి చూపించారు.

తమాషా ఏమిటంటే, ఆ ప్రచారం చేసినవాళ్లు చూపించిన టీ వేరు. డికాక్షన్ ఎక్కువ, పాలు కాస్త, మసాలా సున్నా! మన టీ బడ్డీల వాళ్లు వింటారా? టీ ఆకు ఖరీదు. కాబట్టి ఆకు తగ్గించి, పాలు పెంచి, రుచికి అల్లం, ఏలకులు దంచి పారేశారు. ప్రచారకులకి ఒళ్లు మండింది. ఎందుకు మండదూ, ఆకు అమ్మకం తగ్గిపోదూ? వద్దన్నారు. జనం వినలేదు.

తర్వాత అస్సాంలో 1930లలో ఆకుని నలిపి, చింపి, చుట్టే యంత్రం వచ్చింది. దాన్ని క్లుప్తంగా సి.టి.సి. అంటారు. మనం కొట్లో కొనే గుళికల్లాంటి టీ పొడి, డస్టు టీ ఆ పద్ధతి చలవే. కాస్త పొడితోనే చిక్కటి రంగు, గట్టి రుచి. ఎన్ని పాలు పోసినా, ఎంత మసాలా వేసినా ఈ టీ వెనక్కి తగ్గదు. స్వాతంత్ర్యం తర్వాత ఈ పొడి దేశమంతా వాడుకలోకి రావడంతో మసాలా టీకి ఇక తిరుగులేకుండా పోయింది. వద్దు పొమ్మన్న ఎక్స్‌ట్రా ఆర్టిస్టు చివరికి హీరో అయి కూర్చున్నాడన్నమాట!

ఈ హీరోకి అనకాపల్లిలో మంచి బంధువర్గమే వుంది. పడమటి కొండలెక్కితే పాడేరు, చింతపల్లి మన్యం. అక్కడ కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి వుంటాయి. అల్లం, పసుపు కూడా అక్కడి సంతల్లోంచి కిందికి దిగుతాయి. కింద మైదానంలో చెరకు. అంటే ఈ గ్లాసులోవి చాలావరకు ఇరుగుపొరుగు సరుకులే!

బెల్లానికి మేకప్

ఇక అసలు కథలోకి వద్దాం. టీ విరగకుండా కాయడం తెలిసింది. మరి ఏ బెల్లం కొనాలి? ఇక్కడే వుంది చిక్కంతా.

చెరకు నరికి గానుగాడతారు. రసాన్ని పెద్ద పెనంలో పోసి, రసం తీసేసిన చెరకు పిప్పినే కింద మంటకి వాడుతూ కాస్తారు. రసంలో పులుపు విరగడానికి కొంచెం సున్నం కలుపుతారు. పైకి తేలిన మడ్డిని తీసేస్తారు. మడ్డి బాగా తేలడానికి బెండ మొక్కల జిగురు వాడే పాత పద్ధతి ఒకటుంది. పాకం ముదిరాక దించి, చల్లార్చి దిమ్మలు పోస్తారు. ఇలా వండిన బెల్లం ఏ రంగులో వుంటుంది? చెరకు రకాన్ని బట్టి, నేలని బట్టి, వండే చేతిని బట్టి మారుతుంది. చాలాసార్లు ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది.

కానీ మార్కెట్లో దిమ్మకి ధర కట్టేది ముందు రంగు చూసే. మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని తేలేది అక్కడే. పసుపుపచ్చగా మెరిసే దిమ్మకి ఎక్కువ ధర, నల్లబడ్డ దిమ్మకి తక్కువ ధర. ఏడాది పొడుగునా చేనులో కష్టపడిన రైతు ఏం చేస్తాడు చెప్పండి? దిమ్మకి మేకప్ వేస్తాడు! ఆ మేకప్ పేరు హైడ్రోస్. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల అద్దకంలో రంగు విరగ్గొట్టడానికి వాడే రసాయనం అది. పాకంలో వేస్తే బెల్లం తళతళలాడుతుంది. దాంతో పాటు గంధకపు అవశేషాలు కూడా బెల్లంలో మిగులుతాయి. ఉబ్బసం వున్నవాళ్లలో కొందరికి అవి పడవు. పైగా ఈ అందం శాశ్వతం కూడా కాదు. నిలవ వుంచితే కొన్నాళ్లకి ఆ రంగు మళ్లీ నల్లబడుతుంది. ప్యాకప్ చెప్పగానే మేకప్ చెరిగిపోయినట్టు!

తప్పు రైతుదేనా? వ్యాపారిదా? ఒక్క క్షణం ఆగండి. వ్యాపారి పచ్చటి దిమ్మ ఎందుకు అడుగుతున్నాడు? కొట్టువాడు అడుగుతున్నాడు గనక. కొట్టువాడు ఎందుకు అడుగుతున్నాడు? “ఏమయ్యా, కాస్త తెల్లటి బెల్లం లేదా?” అని మనం అడుగుతున్నాం గనక! అద్దకపు మందుని పాకంలోకి తెచ్చింది మన కళ్లే.

ఈ తెలుపు మోజు సినిమావాళ్లకి కొత్త కాదు. హీరోయినంటే తెల్లగా వుండాలన్న రోజుల్లోనే, 1978లో కె. బాలచందర్‌గారు ‘మరో చరిత్ర’ తీశారు. కమల్‌హాసన్ పక్కన సరిత అనే కొత్తమ్మాయి. చామనఛాయ, పెద్ద పెద్ద కళ్లు. పైగా రంగుల చిత్రాలు జోరుగా వస్తున్న కాలంలో ఆయన తీసింది నలుపు తెలుపుల్లో! అనకాపల్లికి కూతవేటు దూరంలో, విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన ఆ చిత్రాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు. మొహానికి రంగు పూసి చూపించక్కర్లేదు, మనిషిలో సరుకుంటే చాలని ఆనాడు ప్రేక్షకులే తేల్చి చెప్పారు. తెర మీద గెలిపించిన ప్రేక్షకుడే కొట్టు ముందు ఓడిపోతే ఎలాగండీ?

అలాగని నల్లగా వున్నదల్లా మంచి బెల్లమనీ, పచ్చగా వున్నదల్లా మందు వేసిందనీ అనుకోకండి. మడ్డి సరిగా తియ్యకపోయినా, పాతబడి పులిసినా బెల్లం నల్లబడుతుంది. శ్రద్ధగా వండితే మందు లేకుండానే మంచి రంగు రావచ్చు. హైడ్రోస్ వుందో లేదో కచ్చితంగా చెప్పాలంటే ప్రయోగశాలలోనే చెప్పాలి. మనం చేయగలిగింది ఒకటే. రంగు చూసి కాదు, వాసన చూసి, రుచి చూసి కొనడం. తేనె రంగు నుంచి గోధుమ రంగు దాకా ఏదైనా సరే, చెరకు వాసన రావాలి. నోట్లో వేసుకుంటే పులుపు, చేదు తగలకూడదు. వీలైతే వండిన రైతు దగ్గరే, మందు వెయ్యలేదని అడిగి మరీ కొనండి. దానికి పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. మందు వెయ్యని రైతుకి నష్టం రాకపోతేనే కదా, రేపు మరో రైతు మానేది!

ఇది చిన్న విషయం కాదు. ఈ ప్రాంతంలో చెరకు సాగు తగ్గుతూ వస్తోంది. మార్కెట్‌కి వచ్చే దిమ్మల రాశులు వెనకటంత లేవు. మిగిలిన రైతులు మంచి బెల్లం వండితే బతకగలమన్న ధైర్యంతో వుండాలంటే, ఆ బెల్లం కావాలనేవాళ్లు వుండాలి.

ముందు స్క్రీన్ టెస్టు

కొన్న బెల్లం టీకి పనికొస్తుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చిన్న కప్పులో చెంచాడు బెల్లం తురుము వేసి, రెండు చెంచాల వేడి పాలు పోసి కలపండి. రెండు నిమిషాలు ఆగండి. పాలు నున్నగా వుంటే పాస్! ముక్కలైతే ఆ బెల్లాన్ని పులుసులోకి, పచ్చడిలోకి వాడుకోండి. గిన్నెడు టీ పారబోసుకోవడం కన్నా రెండు చెంచాల పాలు పోతే నష్టమేముంది?

ఇక షూటింగ్!

ముగ్గురికి సరిపోయే లెక్క చెబుతున్నాను. రాసుకోండి.

పెద్ద గ్లాసు నీళ్లు, అంటే 200 మిల్లీలీటర్లు. అంతే కొలత చిక్కటి పాలు. టీ పొడి మూడు చిన్న చెంచాలు. అంగుళం అల్లం ముక్క, ఏలకులు రెండు, మిరియాలు నాలుగు, లవంగం ఒకటి, గోరంత దాల్చినచెక్క. బెల్లం తురుము అయిదారు చిన్న చెంచాలు.

అల్లం, దినుసులు కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా నూరితే టీ మడ్డిగా వుంటుంది. నీళ్లు తెర్లగానే అవి వేసి నాలుగు నిమిషాలు మరగనివ్వండి. ఇల్లంతా వాసన రావాలి. అప్పుడు టీ పొడి వేసి రెండు నిమిషాలు. అంతకు మించి డికాక్షన్ మరిగిస్తే వగరెక్కుతుంది. పాలు పక్క పొయ్యి మీద విడిగా కాచి, వేడిగానే పొయ్యండి. రెండు పొంగులు రానిచ్చి మంట ఆర్పండి.

ఇప్పుడు ఓపిక పట్టండి. ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో గ్లాసుల్లో బెల్లం తురుము సర్దుకోండి. దాని మీదికి టీ వడగట్టి కలపండి. నురగ కావాలంటే మన బడ్డీవాళ్ల లాగా గ్లాసులోంచి గ్లాసులోకి నాలుగుసార్లు తిరగబొయ్యండి. చల్లారిపోయిందని మళ్లీ పొయ్యెక్కించారో, క్లైమాక్స్ తెలిసిందే!

ఒక్క మాట. బెల్లం టీ తాగితే రక్తం పడుతుందనీ, పంచదార జబ్బు వున్నవాళ్లు కూడా తాగొచ్చనీ కొందరు చెబుతుంటారు. నమ్మకండి. బెల్లంలోనూ అధిక భాగం చక్కెరే. మధుమేహం వున్నవాళ్లకి అదీ ఇదీ ఒకటే. బెల్లంలో కాస్త ఇనుము వున్న మాట నిజమే గానీ, టీలోని టానిన్లు ఆ ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాబట్టి మందనుకుని తాగొద్దు. రుచి కోసం తాగండి. అది చాలు!

అనకాపల్లిలో ఆ సాయంత్రం రెండో గ్లాసు కూడా పోస్తూ ఆ అమ్మగారు అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ వాడిన బెల్లం కాస్త నల్లగా వుందని నేనే నోరు జారాను.

“రంగు తాగుతావా బాబూ, టీ తాగుతావా?” అన్నారావిడ.

నేను మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేశాను. ఈసారి కొట్లో ‘తెల్లటి బెల్లం ఇవ్వు’ అని అడగబోయే ముందు, పాఠకులారా, ఆ ప్రశ్న మీరూ ఒకసారి వేసుకోండి. జవాబు దొరికితే... ఫస్ట్ షోకి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక గ్లాసు లాగించండి. ఇంటర్వెల్‌లో తోపులాట తప్పుతుంది!